కుళాయి నీళ్లు పోస్తే తొట్టెలో చేపలు ఎందుకు తేలిపోతున్నాయి?

భీమవరం (మా గ్రామీణ విలేకరి): పండగొస్తోందంటే ఇల్లంతా దులిపి, గోడలకు రంగు వేసి, పనిలో పనిగా హాల్లో బల్ల మీదున్న చేపల తొట్టె కూడా కడిగేయడం మన ఇళ్లలో పరిపాటి. పాచి పట్టిన పాత నీళ్లు పారబోస్తారు. గులకరాళ్లు కుళాయి కింద పెట్టి తెల్లగా రుద్దుతారు. కుళాయికి పైపు తగిలించి తొట్టె నిండా పట్టేస్తారు. నీళ్లు అద్దంలా మెరుస్తుంటాయి. పిల్లలకు సంబరం. పొద్దుగూకేసరికి ఒక చేప పక్కకు ఒరుగుతుంది. తెల్లారి చూస్తే మిగిలినవీ పైకి తేలి ఉంటాయి.

దిష్టి తగిలిందనేవారు కొందరు. కొట్టువాడు జబ్బు చేపలు అంటగట్టాడనేవారు మరికొందరు. కొట్టువాడి తప్పు అసలు ఉండదని కాదు గాని, ముందురోజు దాకా చలాకీగా తిరిగిన చేపలు నీళ్లు మార్చిన పూటే మూకుమ్మడిగా పోయాయంటే మాత్రం ముందు చూడవలసింది కుళాయి వంక. ఆ నీళ్లలో ఉన్న క్లోరిన్ మనకు ఎంత మేలో చేపకు అంత కీడు.

ఇదివరకు రంగుచేపల తొట్టె అంటే పట్నంలో డాక్టరు గారి వరండాలోనో, పెద్ద హోటల్లోనో కనిపించేది. ఇప్పుడు పల్లెల్లోనూ చాలా ఇళ్లలో ఉంటోంది. రెండడుగుల అద్దాల తొట్టె, నాలుగు గోల్డ్ ఫిష్‌లు, కొన్ని గప్పీలు, మోలీలు, గాజు సీసాలో విడిగా ఒక ఫైటర్ చేప. ఈ రంగుచేపల పెంపకానికి చెన్నైలో కొళత్తూరు, అటు కోల్‌కతా పరిసరాలు పేరుమోసినవి. ప్రాణవాయువు నింపిన పాలిథిన్ సంచుల్లో అంత దూరాల నుంచి బతికి వచ్చిన చేప మన ఇంటి బకెట్టు నీళ్లకు చస్తోందంటే కాస్త ఆలోచించవలసిందే.

కుళాయి నీళ్లలో ఏముంది?

డెల్టా గ్రామాల్లో మంచినీళ్ల సంగతి తెలియని వారుండరు. కాలువ నీరు మంచినీటి చెరువుకు చేరుతుంది. అక్కడి నుంచి ఇసుక ఫిల్టరు బెడ్ల గుండా వడకట్టి, ఓవర్‌హెడ్ ట్యాంకుకు ఎక్కించి, అందులో బ్లీచింగ్ పౌడరు కలిపి కుళాయిలకు వదులుతారు. పెద్ద పథకాల్లో, పట్టణాల్లో పౌడరుకు బదులు క్లోరిన్ గ్యాసు వాడతారు. ఏది వాడినా నీటిలో చేసే పని ఒక్కటే.

మంచి బ్లీచింగ్ పౌడరులో మూడో వంతు పనిచేసే క్లోరిన్ ఉంటుంది. మామూలు నీటికి వెయ్యి లీటర్లకు సుమారు రెండున్నర గ్రాముల పౌడరు చాలునని ప్రజారోగ్య గ్రంథాలు చెబుతాయి. ఆ లెక్కన 40 వేల లీటర్ల ట్యాంకుకు 100 గ్రాములు. నీరు మురికిగా ఉంటే ఇంకా ఎక్కువ పడుతుంది. వేసిన దాంట్లో కొంత నీటిలోని మురికిని, క్రిములను చంపడానికి ఖర్చయిపోగా, కొంత మిగిలి కుళాయి దాకా రావాలి. పైపు ఎక్కడైనా పగిలి మురుగు కలిస్తే ఆ మిగిలినదే మనకు కాపలా. భారత ప్రమాణాల సంస్థ వారి తాగునీటి ప్రమాణం ప్రకారం ఈ మిగులు క్లోరిన్ కుళాయి దగ్గర లీటరుకు కనీసం 0.2 మిల్లీగ్రాములు ఉండాలి. మన చెరువుల రైతుల భాషలో చెప్పాలంటే 0.2 పీపీఎం.

ఈ కాపలా ఊరికే వచ్చింది కాదు. అమెరికాలో 1908లో జెర్సీ సిటీ నీటి సరఫరాకు రోజూ క్లోరిన్ కలపడం మొదలుపెట్టారు. ఆ పద్ధతి అక్కడి పట్టణాలన్నింటికీ పాకాక టైఫాయిడ్ బాగా తగ్గింది. మన రాష్ట్రంలో అయితే అంత వెనక్కి పోనక్కరలేదు. 2018 మార్చిలో గుంటూరులో, 2024 అక్టోబరులో విజయనగరం జిల్లా గుర్లలో అతిసారం ప్రబలి మనుషులు చనిపోయిన సంగతి పాఠకులకు విదితమే. రెండు చోట్లా వేళ్లు చూపింది కలుషితమైన నీటి వైపే.

ఇది ముందే చెప్పడానికి కారణముంది. నీళ్లు వాసనొస్తున్నాయనో, టీ రుచి పాడవుతోందనో, చేపలు చస్తున్నాయనో పంచాయతీ నీళ్ల మనిషిని పట్టుకుని పౌడరు తగ్గించమని దబాయించేవారు అక్కడక్కడా కనిపిస్తుంటారు. అతను కూడా రోజూ మాటపడలేక ఒక పూట మానేస్తాడు. ఆ మానేసిన పూట ఎవరింట్లో పసిబిడ్డకు ఏమవుతుందో ఎవరూ చెప్పలేరు. చేపల కోసం క్లోరిన్ తీయవలసింది మన బకెట్టులో. ఊరి ట్యాంకులో కాదు.

మనం తాగితే ఏం కాదు, చేపకెందుకు?

ఇది చాలామంది అడిగే ప్రశ్న. మంచి ప్రశ్నే. మనం గ్లాసు నీళ్లు తాగినప్పుడు అందులో ఉన్న కాస్త క్లోరిన్ నోటిలో, కడుపులో తగిలిన పదార్థంతో కలిసి అక్కడికక్కడే ఖర్చయిపోతుంది. రక్తం దాకా పోదు. చేప సంగతి అలా కాదు. దానికి నీరే గాలి. నోటితో నీరు తీసుకుని మొప్పల మీదుగా వదులుతూ అందులోని ప్రాణవాయువును పీలుస్తుంది. మొప్పల్లో రక్తానికీ నీటికీ మధ్య ఉండేది పలచటి పొర మాత్రమే. క్లోరిన్ ఆ పొరను కాల్చేస్తుంది. మొప్పల మీద జిగురు ఊరి పేరుకుంటుంది. ఇక నీటిలో ప్రాణవాయువు ఎంత ఉన్నా చేపకు అందదు. నీళ్లలో ఉండే ఊపిరాడక చస్తుంది.

ఎంత క్లోరిన్‌కు ఇలా జరుగుతుందో చూస్తే తేడా తెలుస్తుంది. అమెరికా పర్యావరణ పరిరక్షణ సంస్థ 1985లో ప్రకటించిన ప్రమాణం ప్రకారం, చేపలూ ఇతర జలచరాలూ ఉండే మంచినీటిలో క్లోరిన్ ఒక గంట సగటున 0.019 పీపీఎం, నాలుగు రోజుల సగటున 0.011 పీపీఎం దాటరాదు. మనకు కుళాయిలో కనీసం ఉండవలసింది 0.2. అంటే మనిషికి ఇంత తప్పదన్న కనీసమే చేపకు ఓర్చుకోదగ్గ దానికి పదింతలు. ఈ రెండు అంకెలు గుర్తుంటే మిగతాదంతా సులువుగా బోధపడుతుంది.

మన జిల్లాలో చేపల చెరువుల వాళ్లకు ఇది కొత్త విద్య కూడా కాదు. చెరువు తయారు చేసేటప్పుడు అక్కరలేని చేపలను, సీడును తినేసే కొరమేను, వాలుగ లాంటి వాటిని చంపడానికి బ్లీచింగ్ చల్లడం తెలిసిందే. హెక్టారులో మీటరు లోతు నీటికి 350 కిలోలని శాస్త్రవేత్తల సిఫారసు. ఎకరానికి సుమారు 140 కిలోలు పడుతుంది. లెక్క కడితే నీటిలో క్లోరిన్ 10 పీపీఎం దాకా వస్తుంది. చల్లాక వారం పది రోజులు ఆగి గాని సీడు వదలరు. పాతికేళ్లుగా చెరువు చేసిన రైతు కూడా ఇంట్లో మనవడి తొట్టెకు మాత్రం కుళాయి పైపు నేరుగా పెట్టేస్తాడు. ట్యాంకులో కలిపేదీ, చెరువులో చల్లేదీ ఒకే పౌడరన్న సంగతి ఆ క్షణంలో తట్టదు.

"మేం ఎన్నాళ్లనుంచో నేరుగానే పోస్తున్నాం, ఏం కాలేదే" అనేవారూ ఉన్నారు. వారు చెప్పేదీ అబద్ధం కాదు. ట్యాంకుకు దూరంగా, లైను చివర ఉన్న కుళాయికి నీరు చేరేసరికి క్లోరిన్ దాదాపు ఖర్చయిపోయి ఉండవచ్చు. పౌడరు పాతబడి, మూత తీసిన సంచిలో గాలి తగిలి సత్తువ పోయి ఉండవచ్చు. లేదా వారు పోసేది చెంబెడు నీళ్లే కావచ్చు. వీటిలో ఏ ఒక్కటీ మన చేతిలో లేదు. కొత్త పౌడరు సంచి విప్పిన రోజునో, వానలకు నీరు రంగు మారి మందు పెంచిన రోజునో, ట్యాంకు కడిగి బ్లీచింగ్ గట్టిగా వేసిన రోజునో ఈ అలవాటు చేప ప్రాణం మీదికి తెస్తుంది.

ఫైటర్ చేప విషయంలో ఇంకొక భ్రమ ఉంది. అది పైకి వచ్చి గాలి కూడా పీలుస్తుంది గనుక దానికి ఏ నీళ్లయినా ఫరవాలేదని అనుకుంటారు. గాలి పీల్చడం నిజమే. దానికీ మొప్పలున్నాయి, క్లోరిన్‌కు అవీ కాలతాయి.

ఖర్చు లేని మార్గం

క్లోరిన్ నీటిలో స్థిరంగా ఉండేది కాదు. గాలికి పోతుంది, ఎండకు విరుగుతుంది. అందుకని అన్నిటికంటే తేలిక పని ఏమిటంటే, నీళ్లు ఒక వెడల్పాటి ప్లాస్టిక్ టబ్బులో పట్టి, మూత పెట్టకుండా డాబా మీదో పెరట్లోనో ఎండ తగిలే చోట ఒక రోజు ఉంచడం. నీడలో ఇంటి లోపల అయితే రెండు రోజులు ఉంచాలి. ఆకులూ దోమలూ పడకుండా పైన పలచటి గుడ్డ కట్టవచ్చు. పాత్ర మూతి వెడల్పు ముఖ్యం. ఇరుకు మూతి బిందెలో పట్టి పైన పళ్లెం బోర్లించి, "రెండు రోజులు ఉంచామండీ, అయినా చచ్చాయి" అంటే లాభం లేదు. పోయే దారి లేకపోతే అది ఎలా పోతుంది? డాబా మీది మూసిన సింటెక్సు ట్యాంకులో ఉన్న నీళ్లకూ ఇదే వర్తిస్తుంది.

తొట్టెలో గాలి బుడగలు వదిలే చిన్న మోటారు అందరికీ ఉంటుంది. దాని గొట్టం ఈ టబ్బులో వేసి నడిపిస్తే పని త్వరగా అవుతుంది. అది లేకపోతే టీ తిరగబోసినట్టు ఒక బకెట్టు నుంచి ఇంకో బకెట్టుకు నాలుగైదుసార్లు ఎత్తి పోసినా కొంత మేలే. అంతమాత్రాన వెంటనే వాడేయరాదు. వాసన పోయింది గదా అని కూడా తొందరపడకూడదు. మన ముక్కుకు అందనంత తక్కువ కూడా చేపకు ఎక్కువేనని పై అంకెలు చూస్తేనే తెలుస్తోంది.

పాత్ర గురించి ఒక మాట. రాగి బిందెలో రాత్రంతా ఉంచిన నీళ్లు ఆరోగ్యమని చాలా ఇళ్లలో తాగుతారు. వాళ్లు తాగితే తాగవచ్చు గాని అవి చేపలకు పోయకండి. రాగి అతి కొద్దిగా నీటిలో దిగినా చేపలకు విషమే, రొయ్యలకూ నత్తలకూ మరీను. ఇత్తడిలోనూ ఉండేది రాగే. బట్టలు నానబెట్టే బకెట్టు కూడా పనికిరాదు, సబ్బు ఎంత కడిగినా కొంత అంటుకునే ఉంటుంది. ఒక పాతిక లీటర్ల టబ్బు చేపలకని విడిగా పెట్టుకుంటే సరిపోతుంది.

పాతిక లీటర్లు ఎలా సరిపోతాయని సందేహం రావచ్చు. రెండడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగు ఎత్తు ఉన్న తొట్టెలో నిండా పోస్తే 56 లీటర్లు పడతాయి. పైన వెలితి, అడుగున రాళ్లు పోను యాభై లోపే. దాన్ని మొత్తం మార్చే పనే లేదు. అసలు పండగల చావులకు సగం కారణం ఆ మొత్తం మార్చడమే. వారానికోసారి నాలుగో వంతు, అంటే పన్నెండు లీటర్లు తీసి, నిలవ ఉంచిన నీళ్లు పన్నెండు లీటర్లు పోస్తే చాలు. తీసిన నీళ్లు పూలమొక్కలకు ఎరువులా పనిచేస్తాయి.

అలాగే తొట్టెలో ఉండే స్పాంజి ఫిల్టరును, గులకరాళ్లను కుళాయి కింద కడగరాదు. వాటి మీద కంటికి కనపడని మేలుచేసే క్రిములు పెరుగుతాయి. చేప మలమూత్రాల నుంచి పుట్టే అమ్మోనియాను హాని లేని పదార్థంగా మార్చేవి అవే. కుళాయి కింద పెట్టి రుద్దితే క్లోరిన్ వాటిని చంపేస్తుంది. ఆ రోజుకు చేపలు బతికినా నాలుగైదు రోజుల్లో అమ్మోనియా పెరిగి చస్తాయి. అప్పటికి నీళ్లు మార్చిన సంగతి మరిచిపోయి ఉంటాం గనుక కారణం అంతు చిక్కదు. స్పాంజిని తొట్టెలోంచి తీసిన పాత నీళ్లలోనే ఒకసారి పిండి పెట్టేస్తే చాలు.

వేసవిలో మాత్రం ఈ నిలవ పద్ధతిని పూర్తిగా నమ్ముకోరాదు. కాలువలు కట్టేశాక మంచినీటి చెరువులో నీరు రోజురోజుకూ దిగిపోతుంది, పచ్చబడుతుంది. నాచు, కుళ్లు పెరిగిన నీటిలో అమ్మోనియా చేరుతుంది. దానికి క్లోరిన్ కలిస్తే క్లోరమీన్ అనే పదార్థం ఏర్పడుతుంది. ఇది క్లోరిన్ లాగా ఒక రోజులో గాలికి పోయేది కాదు, చేపకు హాని మాత్రం చేస్తుంది. అమెరికాలో చాలా పట్టణాల్లో కావాలనే ఈ క్లోరమీన్ కలుపుతారు, పైపుల్లో ఎక్కువ కాలం నిలుస్తుందని. అక్కడున్న మన పిల్లలు తొట్టె పెట్టుకుంటే ఈ నిలవ నీళ్ల చిట్కా ఫోనులో చెప్పి వాళ్ల చేపలను చంపించకండి. వాళ్లు మందు వేయవలసిందే.

హైపో అడిగేటప్పుడు జాగ్రత్త

ఆ మందు పేరు సోడియం థయోసల్ఫేట్. చూడటానికి పటిక బెల్లం పలుకుల్లా తెల్లగా ఉంటుంది. చేపల కొట్లలో చిన్న సీసాల్లో యాంటీ క్లోరిన్ పేరుతో అమ్మే చుక్కల మందులో సాధారణంగా ఉండేది ఇదే. వెనకటి రోజుల్లో ఫోటో స్టూడియోల చీకటి గదుల్లో ఫిల్ములు కడిగిన తరువాత ముంచే "హైపో" కూడా ఇదే. ఆ ఫిల్ములు పోయాయి గాని మన ప్రాంతంలో ఈ పలుకులకు గిరాకీ పోలేదు. రొయ్య పిల్లల హేచరీల్లో సముద్రపు నీటిని ముందు క్లోరిన్‌తో శుద్ధి చేసి, తరువాత ఆ క్లోరిన్‌ను విరిచేయడానికి దీన్నే వాడతారు. అందువల్ల భీమవరం, ఆకివీడు వంటి చోట్ల ఆక్వా మందుల షాపుల్లో కిలోల లెక్కన దొరుకుతుంది. తొట్టె ఉన్న ఇంటికి వంద గ్రాములు కొంటే ఏళ్ల తరబడి వస్తుంది.

ఇక్కడే ఒక పెద్ద ప్రమాదం పొంచి ఉంది. 2020లో కరోనా వచ్చినప్పుడు ఊరూరా వీధుల్లో పిచికారీ చేసిన ద్రావణం గుర్తుంది కదా. దాని పేరు సోడియం హైపోక్లోరైట్. దాన్ని కూడా వాడుకలో "హైపో" అనే అన్నారు, ఇప్పటికీ చాలామంది అంటున్నారు. ఒక హైపో క్లోరిన్‌ను విరిచేది. రెండో హైపో సాక్షాత్తూ క్లోరినే. షాపులో "హైపో ఇవ్వండి" అని అడిగి, కుర్రాడు ఇచ్చిన సీసా తెచ్చి తొట్టెలో వంపితే ఇక చెప్పేదేముంది. కాబట్టి పొట్టి పేరుతో అడగవద్దు. చీటీ మీద "సోడియం థయోసల్ఫేట్" అని పూర్తిగా రాయించి పట్టుకెళ్లండి. ఇంటికి తెచ్చాక కూడా చూసుకోవచ్చు. థయోసల్ఫేట్ వాసన లేని పలుకులు. హైపోక్లోరైట్ ద్రవం, మూత తీయగానే బ్లీచింగ్ వాసన కొడుతుంది.

వాడే లెక్క కష్టమేమీ కాదు. ఒక పాలు క్లోరిన్ విరగడానికి ఏడు పాళ్ల పలుకులు వేస్తే నిశ్చింత. ఇంట్లో అంత చిన్న తూకాలు తూచలేం గనుక ముందే ద్రావణం చేసి పెట్టుకోవడం మేలు. పది గ్రాముల పలుకులు మందుల షాపులోనో, బంగారం కొట్టులోనో తూయించి, కాచి చల్లార్చిన నీళ్లలో కరిగించి, మొత్తం 100 మిల్లీలీటర్లు అయ్యేట్టు చూసుకోవాలి. సూది తీసేసిన సిరంజితో ఇందులోంచి రెండు మిల్లీలీటర్లు తీసి ఇరవై లీటర్ల బకెట్టు నీళ్లకు కలిపితే ఆ నీటిలో 1.4 పీపీఎం దాకా ఉన్న క్లోరిన్ విరిగిపోతుంది. మామూలు రోజుల్లో కుళాయిలో అంత ఉండదు గనుక ఇది చాలు. కలియబెట్టి అయిదు నిమిషాలు ఆగి వాడుకోవచ్చు. కాస్త ఎక్కువ పడినా చేపకు హాని లేదు గాని, మంచిదన్నారని గుప్పెడు వేయమని కాదు. ద్రావణాన్ని రంగు సీసాలో పోసి, పేరు రాసి, పిల్లలకు అందకుండా చీకటి చోట ఉంచాలి. నెలలు గడిస్తే సత్తువ తగ్గుతుంది కాబట్టి కొద్దికొద్దిగానే చేసుకోవాలి.

క్లోరమీన్ ఉన్న నీటికి కూడా ఇదే పనిచేస్తుంది. అయితే క్లోరిన్ విరిగాక అందులోని అమ్మోనియా మిగిలిపోతుంది. ఫిల్టరు బాగా కుదిరిన తొట్టెలో నాలుగో వంతు నీళ్లే మారిస్తే ఆ కొంచెం అమ్మోనియాను అవే సర్దుకుంటాయి. వేసవిలో ఒకేసారి ఎక్కువ నీళ్లు మార్చవద్దనడం ఇందుకే.

బొగ్గు ఫిల్టరు గుండా పంపినా క్లోరిన్ పోతుంది. పావుగంట మరగబెట్టినా పోతుంది, కాకపోతే నీటిలోని ప్రాణవాయువు కూడా పోతుంది గనుక చల్లార్చి, గాలి కొట్టి గాని వాడరాదు. గ్యాసు బండ ధర చూసి ఎవరూ ఆ పనికి పూనుకోరులెండి.

వేరే నీళ్లు పోస్తే?

ఇరవై లీటర్ల క్యాను నీళ్లు కొంటున్నాం గదా, అవే పోద్దామనుకుంటారు కొందరు. ఆర్వో ప్లాంటు నీటిలో క్లోరిన్ ఉండదు, నిజమే. దానితోపాటు చేపకు కావలసిన లవణాలు కూడా చాలావరకు ఉండవు. గప్పీలు, మోలీలు కాస్త గట్టి నీళ్లు కోరేవి, వాటికి ఒట్టి క్యాను నీళ్లు పడవు. బోరు నీళ్లలో క్లోరిన్ లేదు గాని మన దిగువ గ్రామాల్లో బోరంటే ఉప్పు. ఎగువన తియ్యగా ఉన్న బోరైతే ఒక పూట గాలి తగలనిచ్చి నిక్షేపంగా వాడుకోవచ్చు. కాలువ నీళ్లు తెచ్చి పోస్తే వరిచేలకు కొట్టిన పురుగుమందులు, చేప జబ్బులు కూడా వెంట వస్తాయి. అన్నీ చూస్తే క్లోరిన్ తీసిన కుళాయి నీరే నయం.

నీళ్లు మార్చాక చేపలు పైకి వచ్చి నోళ్లు తెరుస్తున్నా, ఉన్నట్టుండి అటూఇటూ దూసుకుపోతున్నా, రంగు వెలవెలబోయి మూలకు చేరినా ఆలస్యం చేయకూడదు. థయోసల్ఫేట్ ద్రావణం ఉంటే తొట్టె మొత్తానికి లెక్కగట్టి, యాభై లీటర్లకు అయిదు మిల్లీలీటర్లు వెంటనే కలిపి, గాలి మోటారు గట్టిగా నడపాలి. అది లేకపోతే నిలవ నీళ్లున్న టబ్బులోకి చేపలను మార్చాలి. ఆ రోజు మేత వేయరాదు. మొప్పలు మరీ కాలిపోకుంటే కోలుకుంటాయి. మన టబ్బు ఎప్పుడూ ఒకటి నిండుగా ఉండాలనేది ఇలాంటి పూట కోసమే.

దోమల నివారణకు నూతుల్లో, గుంటల్లో గంబూసియా చేపలు వదులుతుంటారు. అదే నూతిలో వారం తిరక్కుండా బ్లీచింగ్ వేస్తే ఆ చేపలూ పోతాయి, దోమలు మళ్లీ మొదలు. తాగే నూతికి బ్లీచింగ్ తప్పదు. అందుకని చేపలను వాడకం లేని నూతులకూ గుంటలకూ పరిమితం చేయడం మేలు.

మీ కుళాయిలో క్లోరిన్ ఎంత ఉందో తెలుసుకోవాలంటే పట్నం పోనక్కరలేదు. 2019లో జల జీవన్ మిషన్ వచ్చాక గ్రామాల్లో మహిళలకు నీటి పరీక్ష పెట్టెలు వాడటం నేర్పారు. గ్లాసుడు నీళ్లలో మందు వేస్తే క్లోరిన్‌ను బట్టి రంగు తేలుతుంది. మందు రకాన్ని బట్టి అది పసుపో గులాబీయో కావచ్చు. మీ ఊళ్లో ఆ పెట్టె ఎవరి దగ్గరుందో పంచాయతీ కార్యాలయంలో అడగండి. రంగు గాఢంగా వస్తే చేపలకు మందు మోతాదు చూసుకోవచ్చు. అసలు రంగే రాకపోతే అది చేపలకు సంతోషమేమో గాని, ఊరికి సంతోషం కాదు. ఆ సంగతి వెంటనే పంచాయతీ కార్యదర్శి చెవిన వేయాలి.

పంచాయతీలు కూడా ఒక చిన్న పని చేయవచ్చు. ట్యాంకు కడిగి బ్లీచింగ్ ఎక్కువ వేసే రోజు ముందుగా మైకులో ఒక మాట చెబితే చాలు. పన్ను బకాయిలకు తిప్పే ఆటోకే ఆ మాట కూడా అప్పజెప్పవచ్చు. అది జరిగేలోగా పాఠకులకు ఒక దారి ఉంది. చాలా ఊళ్లలో ట్యాంకు స్తంభం మీద కడిగిన తేదీ, మళ్లీ కడగవలసిన తేదీ రాసి ఉంటాయి. నీళ్లు పట్టే ముందు అటు ఒకసారి చూడండి. కడిగి రెండు రోజులు కాకపోతే తొట్టె పని వచ్చే వారానికి పెట్టుకోండి.